డిక్షనరీ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. సీ షార్ప్ భాషలో డిక్షనరీని, అంటే ఒక్కో కీకి ఒక్కో విలువ జతగా ఉండే పట్టికని, ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో (డేటాని ట్యాగుల మధ్య రాసే ఫైల్) ఎలా దాచాలో చక్కగానే చెప్పావు. తిరిగి చదవడం దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఇదే పని తిరగేసి చేస్తే చాలు" అని ఒక్క వాక్యంతో సరిపెట్టేశావు. అసలు చిక్కంతా ఆ వాక్యంలోనే ఉంది. వ్యాసంలో సగానికి పైగా చోటు దానికే ఇవ్వాలి.

ముందు, మొదలు మార్చు. ఎక్స్‌ఎంఎల్ అంటే ఏమిటి, 1998లో అది ఎలా ప్రమాణమైంది అన్న రెండు పేరాలూ తీసెయ్. నీ వ్యాసం వెతుక్కుంటూ వచ్చేవాడు అప్పటికే ఎర్రర్ చూసి ఉంటాడు. ఆబ్జెక్టుల్ని ఎక్స్‌ఎంఎల్‌గా మార్చే ఎక్స్‌ఎంఎల్ సీరియలైజర్ చేతికి డిక్షనరీ ఇస్తే, ఇది ఐడిక్షనరీ రకం, నావల్ల కాదని మొరాయిస్తుంది. అక్కడి నుంచే మొదలుపెట్టు. ఎందుకు కాదో కూడా చెప్పు. మైక్రోసాఫ్ట్ వాళ్లే అప్పట్లో దాచకుండా ఒప్పుకున్నారు: కొంత గడువు ఒత్తిడి, కొంత హ్యాష్‌టేబుల్‌కి (డిక్షనరీ లాంటిదే) సరిపడే రకం ఎక్స్‌ఎస్‌డీలో, అంటే ఎక్స్‌ఎంఎల్ ఎలా ఉండాలో నిర్వచించే భాషలో, లేకపోవడం. ఆ కారణం తెలిస్తే పాఠకుడికి తన కోడ్‌లో తప్పు లేదని అర్థమై సగం టెన్షన్ పోతుంది.

కీలనే ట్యాగ్ పేర్లుగా పెట్టావు, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. 'గుంటూరు' అని తెలుగులో ట్యాగ్ పేరు పెట్టినా ఎక్స్‌ఎంఎల్ ఒప్పుకుంటుంది. కానీ 'తూర్పు గోదావరి' మధ్యలో ఖాళీ ఉంది, అది పేరుగా చెల్లదు. పిన్‌కోడ్ కీ అయితే అంకెతో మొదలవుతుంది, అదీ చెల్లదు. నీ ఉదాహరణలోని కీలన్నీ బుద్ధిమంతులైన పిల్లల్లా ఉన్నాయి కాబట్టి నీకు ఈ సంగతి తట్టలేదు. పద్ధతిని ఇబ్బంది పెట్టే కీ ఒక్కటైనా ఉదాహరణలో ఉండాలి.

కీని ఆట్రిబ్యూట్‌లోనో (ట్యాగ్ పేరు పక్కనే రాసే విలువ), లోపలి ట్యాగ్‌లో విలువగానో పెట్టమని రాయి. జావా భాషలో సెట్టింగ్స్‌ని కీ, విలువ జంటలుగా దాచే ప్రాపర్టీస్ క్లాస్‌కి 2004లో, జావా 5తో, ఎక్స్‌ఎంఎల్‌గా దాచే సదుపాయం వచ్చింది. అది చేసేదీ ఇదే: ఒక్కో జంటకి ఒక ఎంట్రీ ట్యాగ్, కీ దాని ఆట్రిబ్యూట్, విలువ ట్యాగ్ లోపల. మన తెలుగువాళ్లకి దానివల్ల ఇంకో సుఖం కూడా ఉంది. మామూలు ప్రాపర్టీస్ ఫైల్‌ని ఇన్‌పుట్ స్ట్రీమ్ నుంచి చదివేటప్పుడు జావా దాన్ని తెలుగు అక్షరాలు పట్టని ఐఎస్‌ఓ 8859-1 ఎన్‌కోడింగ్ అనుకుంటుంది. అందుకని తెలుగులో ఒక్కో అక్షరాన్నీ యూనికోడ్ నంబర్లుగా రాసుకోవాలి. ఎక్స్‌ఎంఎల్‌గా దాస్తే అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 కాబట్టి తెలుగు తెలుగులాగే ఉంటుంది. ఇంగ్లిష్‌లో రాసేవాడికి ఈ బాధ పట్టదు. నీకు పట్టాలి.

ఇక తిరిగి చదవడం. సీ షార్ప్‌లో ఎక్స్‌ఎంఎల్ రాయడం, చదవడం మన చేతిలో పెట్టే ఐఎక్స్‌ఎంఎల్‌సీరియలైజబుల్ ఇంటర్‌ఫేస్ నువ్వే అమలు చేస్తే, రాసే మెథడ్ రైట్‌ఎక్స్‌ఎంఎల్‌లో బయటి ట్యాగ్ రాయకూడదు, ఫ్రేమ్‌వర్కే రాస్తుంది. చదివే మెథడ్ రీడ్‌ఎక్స్‌ఎంఎల్ మాత్రం ఆ బయటి ట్యాగ్‌ని ముగింపుతో సహా తనే దాటాలి. "తిరగేసి చేస్తే చాలు" అన్న మాట సరిగ్గా ఇక్కడే తప్పుతుంది. డిక్షనరీ ఖాళీగా ఉంటే ఇంకో తిరకాసు. తెరిచిన ట్యాగ్ అక్కడికక్కడే మూసుకుంటుంది, విడిగా ముగింపు ట్యాగ్ ఉండదు. దాటకముందే, ట్యాగ్ ఖాళీదా అని చెప్పే ఈజ్‌ఎంప్టీఎలిమెంట్ చూసుకోకపోతే రీడర్ పక్క ఆబ్జెక్ట్ డేటాలోకి పోతుంది. రోజూ నిండు డిక్షనరీతోనే పరీక్షించేవాళ్లకి ఇది ఎప్పటికో గానీ బయటపడదు.

ఫైల్‌లోకి అసలు ఎక్కనివీ ఉన్నాయి. ఇంగ్లిష్ పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడని కంపేరర్‌తో (కీలని పోల్చే నియమం) డిక్షనరీ కట్టావనుకో, ఆ సంగతి ఫైల్‌లో ఉండదు. మళ్లీ చదివాక డేటా అంతా ఉన్నా, పెద్దక్షరాల బదులు చిన్నక్షరాలతో వెతికితే దొరకదు. అలాగే ఎవరో ఫైల్‌ని చేత్తో మార్చి ఒకే కీ రెండుసార్లు రాస్తే ఏం చెయ్యాలి? యాడ్ మెథడ్‌తో చేరిస్తే ఎక్సెప్షన్ (ఎర్రర్) ఇస్తుంది, ఇండెక్సర్‌తో, అంటే చదరపు బ్రాకెట్లలో కీ రాసి చేరిస్తే పాతది చెరిపి చడీచప్పుడు లేకుండా కొత్తది పెడుతుంది. నువ్వు ఏది ఎంచుకున్నా ఎందుకో ఒక మాట రాయి. నన్నడిగితే సెట్టింగ్స్ ఫైల్‌కి ఎక్సెప్షనే నయం.

ఇంత శ్రమ అక్కర్లేనివాళ్లు చాలామంది. వాళ్లకి కీ, వాల్యూ ఉన్న చిన్న ఎంట్రీ క్లాస్ రాసుకుని, దాని లిస్ట్‌ని సీరియలైజ్ చెయ్యమను. సీ షార్ప్‌లో రెడీగా ఉంది కదా అని కీవాల్యూపెయిర్ అనే జంట రకం వాడొద్దని హెచ్చరించు. అందులో రెండూ చదవడానికే గానీ రాయడానికి కాదు కాబట్టి ఎర్రర్ ఏమీ రాకుండానే ఖాళీ ట్యాగులు పడతాయి. ట్యాగులు ఎలా ఉన్నా ఫర్వాలేదనుకుంటే డేటాకాంట్రాక్ట్‌సీరియలైజర్ అనే ఇంకో సీరియలైజర్ డిక్షనరీని నేరుగానే తీసుకుంటుంది. నువ్వు దాన్ని చివర్లో ఫుట్‌నోట్‌గా పెట్టావు, పైకి తీసుకురా.

కోడ్ కంటే ముందు, తయారైన ఎక్స్‌ఎంఎల్ ఎలా ఉంటుందో చూపించు. ఈసారి పంపేటప్పుడు స్క్రీన్‌షాట్లు పెట్టకు, కోడ్‌ని అక్షరాలుగానే పంపు. ఖాళీ డిక్షనరీతో నడిపి చూసి చెప్తాను.

ఇట్లు,
అక్క