సబ్బు ముట్టుకోకముందు: బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

చి.ల.సౌ. బుజ్జికి,

బందరు నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు ఇక్కడ టీవీ మోతా అక్కడ నీ ఏడుపూ కలిసిపోయి నాకు సగం అర్థం కాలేదు. పొద్దున మీ అమ్మ చెప్పింది. గృహప్రవేశానికి మీ అత్తగారు పెట్టిన మీగడ రంగు కాటన్ చీర మీద పులిహోర పడిందట. నువ్వు పరుగున సింకు దగ్గరికి పోయి సబ్బు పెట్టి రుద్దావట. పచ్చగా ఉన్నది కాస్తా రక్తంలా ఎర్రబడిందట. ఫోన్‌లో చెబితే "ఆఁ ఆఁ" అంటూ ఇంకో పని చేసుకుంటావు కాబట్టి రాస్తున్నాను. చదివి ఫ్రిజ్ తలుపుకి అంటించుకో.

ముందు ఆ చీర సంగతి. అది పాడవలేదు. పెళ్ళిలో నీ కాళ్ళకి పారాణి పెట్టింది నేనే కదా. పసుపులో చిటికెడు సున్నం వేసి తడి చేసి కలిపితే నీ కళ్ళ ముందే ఎర్రగా తిరిగింది. దిష్టి తీసే ఎర్రనీళ్ళూ అంతే. పసుపుకి క్షారం తగిలితే ఎరుపు, పులుపు తగిలితే మళ్ళీ పచ్చ. బట్టల సబ్బులో ఉండేది క్షారమే. కాబట్టి నువ్వు చేసిందల్లా చీరకి పారాణి పెట్టడం. మరక పెరగలేదు, రంగు మారిందంతే.

ఇప్పుడు ఏం చేయాలంటే, చల్లటి నీళ్ళలో సబ్బు జిగురు పూర్తిగా పోయేదాకా జాడించు. నిమ్మరసంలో అంతే నీళ్ళు కలిపి మరక మీద అద్దు. ఎరుపు దిగి పసుపు తేలుతుంది. అయితే ముందు కుచ్చిళ్ళలో లోపలికి పోయే అంచు దగ్గర ఒక చుక్క వేసి చూసుకో, చీర రంగే దిగుతుంటే ఆపెయ్. నిమ్మరసం కడిగేశాక, పులిహోరలో నూనె కూడా ఉంటుంది కదా, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి వేలి కొసతో మెల్లగా రాసి జాడించు. ఈసారి కాస్త ఎర్రబడినా కంగారు పడకు. ఇంకా పచ్చదనం మిగిలితే దూది మీద స్పిరిట్ వేసి అద్దు. పసుపు నీళ్ళలో సరిగా కరగదు కానీ స్పిరిట్‌లో కరుగుతుంది. శానిటైజర్ అయినా ఫరవాలేదు, రంగూ వాసనా కలపనిది చూసుకో.

ఆ తర్వాత ఎండ. పసుపుకి అసలు మొగుడు ఎండే. మరక ఉన్న చోటు తడిపి, అదొక్కటే పైకి వచ్చేలా చీర మడిచి, మిగతా భాగం మీద తువ్వాలు కప్పి, పదకొండు నుంచి రెండు దాకా బాల్కనీలో వెయ్యి. కప్పకపోతే చీరంతా వెలిసిపోయి మరకే బాగుందనిపిస్తుంది. ఒక్క రోజులో పోకపోతే రెండో రోజు, మూడో రోజు. మరక పూర్తిగా పోకముందే ఇస్త్రీ మాత్రం చేయించకు.

ఇక మిగతావి. మరక పడగానే మన చెయ్యి దానంతట అదే సబ్బు మీదకో వేణ్ణీళ్ళ మీదకో పోతుంది. నన్నడిగితే మొండి మరకల్లో సగం మనం ఆ మొదటి ఐదు నిమిషాల్లో తయారుచేసుకున్నవే. అది ఏ మరకో తెలుసుకున్నాకే బట్ట తడపాలి. నూనెదా, పసుపుదా, రక్తమా, తుప్పా? ఒకదానికి మందైనది ఇంకోదానికి విషం. ఏది పడినా ముందు పొడి గుడ్డతో పైపైన అద్ది పీల్చుకోనివ్వు. అద్దే గుడ్డ తెల్లదే అయివుండాలి. మీ పెదనాన్న పాత బనీన్లు నేను పారేయను, చింపి డబ్బాలో పెట్టుకుంటాను. రంగు గుడ్డతో అద్దితే దాని రంగు కూడా అంటుకుని ఒకటికి రెండు మరకలవుతాయి. రుద్దకు, అంచు నుంచి మధ్యకి అద్దుకుంటూ రా. కడిగేటప్పుడు బట్ట తిరగేసి వెనక నుంచి నీళ్ళు పొయ్యి. వచ్చిన దారినే పోతుంది.

మన ఇళ్ళలో ఎక్కువగా పడేది ఆవకాయ. అది ఒక మరక కాదమ్మా, మూడు. నూనె, కారం ఎరుపు, పసుపు. ముందు నూనె సంగతి చూడకుండా నీళ్ళు పోస్తే నీళ్ళు జారిపోతాయి, నూనె అక్కడే కూర్చుంటుంది. ముక్కని చెంచాతో ఎత్తెయ్. మరక మీద టాల్కం పౌడర్ దట్టంగా చల్లి అరగంట వదిలెయ్. పౌడర్ నూనె తాగి ముద్దగా, నారింజ రంగులోకి మారుతుంది. దులిపేసి మళ్ళీ చల్లు. పౌడర్ పొడిపొడిగా రాలిందంటే తాగాల్సింది తాగేసిందని. అప్పుడు పొడి బట్ట మీదే గిన్నెల లిక్విడ్ రాసి పది నిమిషాలు ఉంచి, గోరువెచ్చటి నీళ్ళతో వెనక నుంచి కడుగు. పట్టు కాకపోతేనే సుమా. మిగిలిన ఎరుపూ పచ్చా ఎండకి వదిలెయ్, కారం రంగు కూడా ఎండకి పోయేదే. మీ పెదనాన్న తెల్ల చొక్కాలు ముప్ఫై ఏళ్ళుగా ఇలాగే నెట్టుకొస్తున్నాను. ఆయన అన్నం తింటుంటే నా కళ్ళు కంచం మీద కాదు, చొక్కా జేబు మీదుంటాయి.

రక్తం మరక గురించి సిగ్గుపడకుండా చెప్పాలి, మా అమ్మ నాకు చెప్పలేదు. నెలసరిదైనా, దెబ్బ తగిలిందైనా, వేణ్ణీళ్ళు మాత్రం వద్దు. కోడిగుడ్డు వేడికి ఎలా గట్టిపడుతుందో రక్తమూ అలాగే గట్టిపడి నూలుని పట్టేసుకుంటుంది. చల్లటి నీళ్ళలో కల్లుప్పు వేసి అరగంట నానబెట్టి వెనక నుంచి కడిగితే తాజాది పోతుంది. ఎండిపోయిందైతే, తెల్ల కాటన్ మీద మాత్రం, మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ వెయ్యి. సీసా మీద 6 శాతం అని ఉంటే అంతే నీళ్ళు కలుపుకో. నురగ వస్తుంది, అద్దెయ్, మళ్ళీ వెయ్యి. మీ వాషింగ్ మెషిన్‌లో 60 డిగ్రీల బటన్ ఉంది చూడు, రక్తం పోకముందు దాని జోలికి వెళ్ళకు. పిల్లాడు కక్కిన పాలకీ గుడ్డు సొనకీ ఇదే సూత్రం, ముందు చల్లటి నీళ్ళే. టీ కూడా అంతే. మనం తాగేది పాల టీ కదా, ముందు చల్లటి నీళ్ళు, తర్వాత నిమ్మరసం.

పెన్ను సిరా దగ్గర అందరూ చేసే తప్పు చెబుతాను. మీ అన్నయ్య పదో తరగతిలో ఉండగా పరీక్ష నుంచి వస్తే చొక్కా జేబు కింద అరచేయంత నీలం. పక్కింటావిడ అది చూసి స్పిరిట్ సీసా తెచ్చి నేరుగా మరక మీద వంపేసింది. అరచేయంత ఉన్నది విస్తరాకంత అయింది. ఆ చొక్కా ఎలా బాగు చేశానంటే, కింద బనీన్ గుడ్డ నాలుగు మడతలు వేసి పరిచాను. చొక్కాని బోర్లించి, మరక ముఖం ఆ గుడ్డకి ఆనేలా పెట్టాను. దూది స్పిరిట్‌లో ముంచి, పిండి, వెనక నుంచి నొక్కాను. ఎత్తి చూస్తే కింది గుడ్డ మీద నీలం పువ్వు పూసింది. గుడ్డ జరిపి శుభ్రమైన చోట పెట్టి మళ్ళీ నొక్కాను. అలా గంటన్నర, నాలుగు బనీన్లు. మర్నాడు అదే చొక్కాతో లెక్కల పరీక్ష రాశాడు. బాల్ పెన్నుకి ఇది పనిచేస్తుంది, జెల్ పెన్నుకి చాలాసార్లు పూర్తిగా పోదు. స్పిరిట్ పొయ్యి దగ్గర వాడకు, భగ్గుమంటుంది.

తుప్పు మాకు రోజూ ఉండే గొడవ. ఈ సముద్రం గాలికి ఇనుప తీగ ఏడాది తిరక్కముందే తుప్పు పడుతుంది. పిన్నీసు చీరకి మర్చిపోతే చాలు, గోధుమ రంగు చుక్క. తెల్ల కాటన్ మీదైతే నిమ్మరసం పిండి, మెత్తటి ఉప్పు చల్లి ఎండలో పెట్టు, ఆరిపోతుంటే మళ్ళీ పిండుతూ ఉండు. గంటలో పలచబడుతుంది. తుప్పు మీద బ్లీచింగ్ మాత్రం వద్దు, ఇంకా ముదురుతుంది.

నిమ్మకాయ పనితనం చూసి నాకు పొగరెక్కిన రోజులు కూడా ఉన్నాయి. పక్కనే పెడన కాబట్టి మా ఇంట్లో కలంకారీ దుప్పట్లకి కొదవ లేదు. ఒకసారి మంచి దుప్పటి మీద మంచం మేకు తుప్పు అంటితే, నాకు తెలియనిదేముందని నిమ్మరసం పిండి ఎండలో పడేశాను. తుప్పు పోయింది. దాని పక్కనున్న నెమలి నల్ల గీతలూ పోయాయి! సహజ రంగులతో చేసే కలంకారీలో నలుపు ఎక్కడిదనుకున్నావు? ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టి ఆ నీళ్ళతో గీస్తారు, కరక్కాయ పట్టించిన బట్ట మీద అది నలుపు తిరుగుతుంది. ఆ నలుపు ప్రాణమంతా ఇనుములోనే ఉంది. తుప్పుని కరిగించే పులుపు దాన్ని మాత్రం వదులుతుందా? నెమలి గోధుమ రంగు కోడిపెట్ట అయింది. దుప్పటి ఇంకా ఉంది, ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను.

కొన్ని పోవు. మామిడికాయ జీడి, అరటి కర ఆ జాతివి. పూర్వం చాకిరేవుల్లో ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో గుర్తు పెట్టేవారు. ఎన్ని ఉడకలు వేసినా ఎన్నిసార్లు బండకేసి బాదినా పోదనే దాన్ని ఎంచుకున్నారు. మామిడీ నల్లజీడీ ఒకే కుటుంబం చెట్లు. అందుకే పచ్చడి కాయలు కోసే రోజు పాత నైటీ కట్టుకో.

బ్లీచింగ్ గురించి ఒక్కటే, కానీ గట్టిగా. దాన్ని నిమ్మరసంతో గానీ, వెనిగర్‌తో గానీ, బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌తో గానీ కలపకు. విషవాయువు వస్తుంది, ఊపిరాడదు. ఒకటి పని చేయలేదని కడక్కుండా రెండోది పోయడం నీకు అలవాటు, నాకు తెలుసు. పట్టు మీదా ఉన్ని మీదా అసలే వద్దు, దారాన్నే తినేస్తుంది.

పట్టు మాట వచ్చింది కాబట్టి, పట్టు చీర మీద నూనె పడితే పౌడర్ చల్లు, దులుపు, అక్కడితో ఆగు. నీళ్ళు తగిలితే చుట్టూ మచ్చ కట్టవచ్చు. డ్రైక్లీనింగ్‌కి ఇచ్చేటప్పుడు ఏం పడిందో, ఎప్పుడు పడిందో, నువ్వు ఇంట్లో ఏమేం పూశావో చీటీ రాసి మరక దగ్గరే పిన్ను పెట్టు. పిన్ను స్టీలుది. నా నేరేడు రంగు ధర్మవరం చీరని ఇక్కడ ఒక షాపువాళ్ళు ఏమీ అడక్కుండా ఇస్త్రీ చేసేశారు, పాయసం మరక శాశ్వతంగా ముద్రపడింది. తప్పు వాళ్ళదే కానీ, చెప్పకపోవడం నాది.

చీర ఎండలో వేశాక ఫోటో పంపు. మన పెరటి నిమ్మకాయలు ఇరవై, మీ పెదనాన్న బనీన్ గుడ్డలు ఒక కట్ట పార్సిల్ వేస్తున్నాను. అందులోనే ఈ ఏటి ఆవకాయ సీసా కూడా ఉంది. మూతకి రెండు కవర్లు చుట్టాను గానీ నమ్మకం లేదు. అల్లుణ్ణి విప్పమను, చొక్కా విప్పేసి.

ఉంటాను,
పెద్దమ్మ