ఈ-స్పోర్ట్స్ అకాడమీని ఎలా ఎంచుకోవాలి?

తిరుపతిలో ఇంటర్ చదువుతున్న కుమారుడిని వాలరెంట్ (కంప్యూటర్‌లో జట్లుగా పోటీపడి ఆడే షూటింగ్ గేమ్) శిక్షణలో చేర్చాలనుకుంటున్నామని, అకాడమీలో ఏం చూడాలని మీరు అడిగారు.

రంగురంగుల లైట్లు, ఖరీదైన కుర్చీలు చూసి ఫీజు కట్టకండి. అవి గేమింగ్ కేఫ్‌లోనూ ఉంటాయి. ముందు ఒక పూట తరగతిలో వెనక కూర్చుని గమనించండి. ముగిసిన మ్యాచ్ రికార్డింగును కోచ్ మళ్లీ వేసి, "ఈ మూల నుంచి ఎందుకు తొందరపడి బయటికి వచ్చావు, అప్పుడు నీ జట్టువాడు ఎక్కడున్నాడు?" అని ఆపి ఆపి అడుగుతుంటే అది శిక్షణ, గంటల తరబడి ఊరకే ఆడిస్తుంటే అది కంప్యూటర్ అద్దెకివ్వడమే. కోచ్ వాలరెంట్‌లోనే పోటీపడ్డారా అన్నదీ కనుక్కోండి, ఎందుకంటే ఫోన్‌లో ఆడే బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆట అనుభవం ఇక్కడ అంతగా అక్కరకు రాదు. మన దేశానికి ఆ ఆట సర్వర్లు ముంబైలో ఉన్నాయి కాబట్టి, నెట్ వాడకం ఎక్కువగా ఉండే రాత్రి ఎనిమిది గంటల వేళ పింగ్ (సంకేతం సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, తక్కువైతే మేలు) ఎంత చూపిస్తోందో, నిలకడగా ఉంటోందో లేదో స్వయంగా చూడండి.

పందెం డబ్బుతో ఆడించే చోటికి అసలే పంపవద్దు. 2025లో పార్లమెంటు చేసిన చట్టం అటువంటి ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వాటి నుంచి వేరు చేసింది.

ఏడాది ఫీజు ఒకేసారి అడిగితే, ముందు ఒక్క నెలకే కట్టండి.