ఎముక బయటికి కనిపిస్తుంటే ఇంట్లో డ్రెస్సింగ్ చాలదు

ప్రశ్న: మా తమ్ముడికి 28 ఏళ్లు. తొమ్మిది రోజుల కిందట లారీ చక్రం ఎక్కి మోకాలి కింద చర్మం, కండ లేచిపోయాయి. ఎముక కూడా విరగడంతో బయటి నుంచి రాడ్లు బిగించారు, గాయాన్ని రెండుసార్లు శుభ్రం చేశారు. చీలమండకు కాస్త పైన ఎముక కనిపిస్తోంది. వీపు కండ తీసి అక్కడ వేస్తామంటే భయపడి ఇంటికి తీసుకొచ్చేశాం. రోజూ డ్రెస్సింగ్ చేయిస్తూ, అవే యాంటీబయాటిక్ మాత్రలు వాడుతున్నాం. సాయంత్రాలు కొంచెం జ్వరం వస్తోంది. తొడ చర్మం వేస్తే సరిపోదా? మచ్చ ఎంత ఉంటుంది?

జవాబు: మచ్చ సంగతి తర్వాత. మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ సాయంత్రం జ్వరమే నాకు టెన్షన్ పెడుతోంది. గాయం చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, ఎముక బయటపడిన కాలికి జ్వరం తోడైతే లోపల చీము చేరుతోందేమోనని ముందు అనుమానించాలి. ఈ రోజే వెనక్కి తీసుకెళ్లండి.

తొడ చర్మం గురించి. పలుచగా తీసి వేసే ఆ చర్మానికి సొంత రక్తనాళాలు ఉండవు. కింద ఉన్న కండ నుంచి రక్తం అందితేనే బతుకుతుంది. పైపొర ఊడిన ఎముక మీద వేస్తే నాలుగైదు రోజుల్లో నల్లబడి ఊడిపోతుంది. వీపు కండను దాని రక్తనాళాలతో సహా తెచ్చి, కాలి నాళాలకు మైక్రోస్కోప్ కింద కలుపుతారు. దాన్నే ఫ్రీ ఫ్లాప్ అంటాం. మోకాలి దగ్గరైతే పిక్క కండనే తిప్పి కప్పవచ్చు. చీలమండ దగ్గర అలా తిప్పడానికి సరిపడా కండ ఉండదు. మీ డాక్టర్లు వీపు దాకా వెళ్లింది అందుకే అయ్యుంటుంది.

రెండుసార్లు శుభ్రం చేశారంటే పుండు కడిగారని కాదు, చచ్చిన కండను కోసి తీసేశారని. కత్తెర తగిలితే ముడుచుకోని, కోస్తే రక్తం రాని కండ చచ్చినట్టే. అది ఎంత మేర ఉందో మొదటి రోజే తేలదు కాబట్టి, రెండు మూడు రోజులకు మళ్లీ థియేటర్లో చూస్తాం. మిగిలిపోయిన చచ్చిన కండ దాకా మాత్ర చేరదు, అక్కడ రక్తమే ఆడదు కదా. మీ అంతట మీరు కొనసాగిస్తున్న మాత్రలు జ్వరాన్ని కాస్త అణచి ఉంచవచ్చు, మందుకు లొంగని క్రిములను పెంచవచ్చు. దయచేసి ఇలా చేయకండి. కొత్త మందు కూడా మొదలుపెట్టవద్దు. ముందు గాయం లోపలి ముక్క తీసి, ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్షకు పంపనివ్వండి.

ఆలస్యం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. సర్జన్ మార్కో గోడినా 1986లో 532 మంది రోగుల ఫలితాలు ప్రచురించారు. 72 గంటల్లోపు ఫ్లాప్ వేసినవారిలో ఇన్‌ఫెక్షన్ 1.5 శాతం. ఆ తర్వాత మూడు నెలల్లోపు వేసినవారిలో 17.5 శాతం. ఇప్పటి పద్ధతులతో ఆలస్యమైన కాళ్లనూ చాలావరకు కాపాడుతున్నాం, ఆశ వదులుకోనక్కర్లేదు. కానీ భయంతో గడిపిన రోజులు మీ తమ్ముడికి మేలు చేయలేదు. భయమేస్తే ఆ భయాన్ని సర్జన్‌నే అడగాల్సింది.

సిగరెట్ అలవాటుందో లేదో రాయలేదు. ఉంటే ఈ క్షణమే మానిపించండి, అతికించిన సన్నటి నాళాలు ముడుచుకుపోతాయి. షుగర్ కూడా చూపించండి.

దారిలో కాలి వేళ్లు చూస్తూ ఉండండి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, కదిపితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా వెళ్లగానే ఆ మాటే ముందు చెప్పండి. ఎక్స్‌రేలు, డిశ్చార్జ్ కాగితాలు పట్టుకెళ్లండి. ఆపరేషన్ అవసరం పడవచ్చు, డాక్టర్ చూసేదాకా తిననివ్వకండి.