గ్రాంట్లు ఇచ్చే కుర్చీలో కూర్చున్నాక ఏది కష్టం?

ఉపాధ్యాయ శిక్షణలో పదేళ్లకు పైగా పనిచేసిన మీరు ఇప్పుడు హైదరాబాద్‌లోని ఒక ఫౌండేషన్‌లో విద్యా గ్రాంట్ల విభాగానికి అధిపతిగా వెళ్తున్నారు. డబ్బు ఇచ్చే వైపు కూర్చున్నాక ఏది కష్టమనిపిస్తుంది, మొదటి ఏడాది ఏ పని ముందు పెట్టుకోవాలి అని అడిగారు. నేను నాలుగేళ్లు ఒక స్వచ్ఛంద సంస్థలో ప్రపోజళ్లు రాశాను, ఆ తరువాత ఏడేళ్లు ఇదే నగరంలో అలాంటి కుర్చీలోనే ఉన్నాను. అందువల్ల రెండు వైపుల నుంచీ చూసింది చెబుతాను.

దరఖాస్తుల్లోంచి సంస్థలను ఎంపిక చేయడమే కష్టమని చాలామంది అనుకుంటారు. అది శ్రమే గాని, చేయగా చేయగా పట్టుబడుతుంది. అసలు కష్టం ఏమిటంటే, చెక్కు మీ చేతిమీదుగా వెళ్లడం మొదలైన రోజు నుంచి మీకు చెడ్డ వార్త చెప్పేవాళ్లు కరువవుతారు. నిన్నటిదాకా మీతో కలిసి టీ తాగుతూ ఫలానా బస్తీలో మా కేంద్రం నడవడం లేదని వాపోయిన మిత్రుడే, రేపు మీ ముందు ప్రొజెక్టర్ పెట్టి అంతా సజావుగా సాగుతోందని చెబుతాడు. అది అతని తప్పు కాదు. అతని దగ్గర పనిచేసే పదిహేను మంది జీతాలు మీ సంతకంతో ముడిపడి ఉన్నాయి.

నేను ఆ కుర్చీలో ఉండగా జరిగిన సంగతి ఒకటి ఉంది. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చదవడం రాని పిల్లలతో పనిచేసే ఒక చిన్న సంస్థకు మేము గ్రాంటు ఇచ్చాం. కొలతకు ప్రథమ్ సంస్థ 2005 నుంచి ‘అసర్’ సర్వేలో వాడుతున్న పద్ధతినే తీసుకున్నాం. అందులో పిల్లలను అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ అనే మెట్ల మీద చదివించి చూస్తారు. ఆ సర్వే గ్రామీణ ప్రాంతాలకే పరిమితం కనుక హైదరాబాద్ అందులోకి రాదు, కానీ పిల్లలతో చదివించే ఆ పరీక్ష కాగితం మాత్రం నగరంలోనూ బాగానే తిరుగుతుంది. పిల్లల్లో ఇంతమంది కథ స్థాయికి చేరితేనే మూడో విడత సొమ్ము విడుదలవుతుందని ఒప్పందంలో ఒక షరతు పెట్టాం. రాసింది నేనే, రాసినందుకు గర్వపడింది కూడా నేనే.

డిసెంబరులో, రెండు గదుల్లో ఐదు తరగతులు నడిచే ఒక బడికి వెళ్లాను. నాలుగో తరగతి పాప ఒకతె కథను గడగడా చదివింది. చదువుతూ వేలు పెట్టి చూపిస్తోంది, కానీ గొంతు మూడో వాక్యంలో ఉండగా వేలు ఇంకా రెండో వాక్యం మధ్యలోనే ఉంది. అనుమానం వచ్చి, పక్కనే ఉన్న మూడో తరగతి పాఠ్యపుస్తకం తీశాను. మన సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమంతో పాటు వచ్చిన, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉండే పుస్తకం అది. తెలుగు పేజీలో ‘స్నేహితులు’ అన్న మాట దగ్గర ఆ పాప ‘స’ అని ఆగి, కింది ఒత్తు వైపు చూస్తూ ఉండిపోయింది. బయటికి వచ్చాక అక్కడి వాలంటీరు తల దించుకుని చెప్పింది: “సార్, జూన్ సంది గిదే కాగితం చదివిస్తున్నం. దీని మీదనే పైసలు వస్తయంటిరి గదా.”

ఆమె మోసం చేసిందనడానికి నాకు నోరు రాలేదు. చదవడం నేర్పమని గ్రాంటు ఇచ్చి, ఆ కాగితం చదివితే డబ్బు ఇస్తానన్నది నేను. ఫలితంతో సొమ్మును ముడిపెట్టడమే తప్పు అని కూడా అనను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనంలో, పిల్లల మార్కులు పెరిగితే ఉపాధ్యాయులకు బోనస్ ఇచ్చినప్పుడు చదువు నిజంగానే మెరుగుపడింది. అయితే అక్కడ పరీక్ష పెట్టింది బడితో సంబంధం లేని బయటివాళ్లు. నా ఒప్పందంలో పాఠం చెప్పేదీ, పరీక్ష పెట్టేదీ, ఫలితం రాసి పంపేదీ ఒకే చేయి. తేడా అంతా అందులోనే ఉంది.

ఆ తరువాత ఒప్పందాలను మార్చి రాశాం. విడతలను పిల్లల స్థాయితో కాక, లెక్కలు సకాలంలో వచ్చాయా, కేంద్రాలు తెరిచి ఉన్నాయా అన్నదానితో ముడిపెట్టాం. కొలిచే పనికి ప్రత్యేకంగా డబ్బు కేటాయించి, ప్రతిసారీ కొత్త కాగితంతో వేరే బృందానికి అప్పగించాం. వచ్చిన ఫలితం మా కార్యాలయానికి రాకముందే ఆ బడి టీచరు చేతికి అందాలన్నది నియమం. వార్షిక నివేదికలో ‘ఏది కుదరలేదు’ అని ఒక పేజీ కూడా అడిగాం. మొదటి ఏడాది అందరూ వర్షాల వల్ల ఆలస్యమైందని, సిబ్బంది సెలవులు పెట్టారని రాసి చేతులు దులుపుకున్నారు. రెండో ఏడాది పాతబస్తీలో పనిచేసే ఒక సంస్థ మాత్రం, సాయంత్రం నాలుగున్నరకు తాము పెట్టిన కేంద్రం నెలల తరబడి దాదాపు ఖాళీగా ఉందని, ఆ వేళకు పిల్లలు అరబీ పాఠానికి వెళ్తారన్న సంగతి తాము ముందుగా విచారించలేదని రాసింది. ఖాళీ కేంద్రానికి మళ్లీ గ్రాంటు ఎందుకని ఒక ట్రస్టీ అడిగారు. ఈ సంగతి మనకు చెప్పినవారు వీరొక్కరే కనుక అని జవాబిచ్చాను. ఆయన అసంతృప్తిగానే ఒప్పుకున్నారు. వేళ ఉదయానికి మారాక కేంద్రం నిండింది.

ట్రస్టీల మాట వచ్చింది కనుక ఇది కూడా చెబుతాను. బోర్డుకు కంటికి కనిపించేవి ఇష్టం: బ్యాగులు, నోటుబుక్కులు, బెంచీలు, వాటి పక్కన నిలబడి ఫొటో. వాటిని తీసిపారేయనక్కరలేదు గాని, ఇందాక చెప్పిన మురళీధరన్, సుందరరామన్‌లే మరికొందరితో కలిసి చేసిన ఇంకొక అధ్యయనాన్ని బోర్డు ముందు పెట్టండి. అది కూడా మన ప్రాంతంలో జరిగిందే. బడులకు సామగ్రి కోసం గ్రాంటు ఇస్తే, ఎవరూ ఊహించని మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది గ్రాంటు వస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు ఆ మేరకు తమ ఖర్చు తగ్గించుకోవడంతో ఆ ప్రయోజనం కనిపించలేదు. పేద ఇంటికి కాస్త డబ్బు మిగిలింది, అది మంచిదే. కానీ చదువు పేరుతో పెట్టిన ఖర్చు చదువుకు చేరలేదు.

చట్టం గురించి ఎక్కువ చెప్పను, మీ ఆడిటర్ చెబుతారు. ఒక్క పొరపాటు మాత్రం నేను పదేపదే చూశాను. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ కింద, దాని పరిధిలోకి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) పనులకు ఖర్చు చేయాలి. అందులో పరిపాలనా ఖర్చులు 5 శాతం దాటకూడదని నిబంధన ఉంది. ఆ పరిమితి కంపెనీ సొంత పరిపాలనా ఖర్చుకు సంబంధించింది, పని చేసే సంస్థకు సంబంధించింది కాదు. అయినా ఆ అంకెను సంస్థల నెత్తిన రుద్ది, అకౌంటెంట్ జీతానికి కూడా డబ్బు లేకుండా చేసి, తరువాత లెక్కలు సరిగ్గా రాలేదని నిందించే ఫౌండేషన్లు ఉన్నాయి. ఇచ్చే వైపుకు రాకముందు నేను రాత్రి పదింటి వరకు మేలుకుని సొమ్ము దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్లు తయారు చేసింది ఇలాంటి లెక్క వల్లే. మీ డబ్బులో విదేశీ నిధులుంటే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో వచ్చిన సవరణ తరువాత పద్ధతి వేరు. ఆ నిధులను మరొక సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు కనుక, చేరిన వారంలోనే ఏ ఖాతాలో ఏ సొమ్ము ఉందో రాయించుకోండి.

ఇక క్యాలెండరు. కంపెనీల ఏడాది మార్చి 31తో ముగుస్తుంది, తెలంగాణలో బడులు జూన్ 12న తెరుస్తారు. మార్చి ఆఖరి వారంలో హడావుడిగా ఖరారైన గ్రాంటుకు ఒప్పందం మేలో పూర్తయితే, బడుల్లో పనిచేయడానికి జిల్లా విద్యాధికారి ఇచ్చే అనుమతి ఉత్తర్వులు (ప్రొసీడింగ్స్) జూలైలో చేతికొస్తే, వాలంటీర్ల నియామకం ఆగస్టులో మొదలవుతుంది. ఆ నియామకం ముగిసి, దసరా సెలవులు కూడా పోయాక ఆ ఏడాది చదువుకు మిగిలేది నాలుగైదు నెలలే. నడుస్తున్న ప్రాజెక్టుగా ఆమోదిస్తే, మొదలైన ఏడాది కాక మరో మూడేళ్ల వరకు కొనసాగించే వీలును 2021లో సవరించిన సీఎస్‌ఆర్ నిబంధనలు కల్పించాయి. ఏడాదికో ఒప్పందం రాయకండి. ఒకే సంస్థను ఏటా కొత్తగా పరీక్షించడం వల్ల మీకు తెలిసే కొత్త సంగతి ఏమీ ఉండదు. వాళ్ల మంచి వాలంటీర్లు మాత్రం ఫిబ్రవరిలోనే వేరే ఉద్యోగం వెతుక్కుంటారు.

ప్రభుత్వ కార్యక్రమంతో పోటీ పెట్టుకోకండి. 2022 ఆగస్టులో మొదలైన ‘తొలిమెట్టు’లో చదవడం, లెక్కలు నేర్పడానికి టీచర్లకు పాఠ్యప్రణాళికలు, రిజిస్టర్లు ఉన్నాయి. మీ సంస్థ అదే పీరియడ్‌లో పిల్లలను వేరే గదికి తీసుకెళ్లి వేరే రిజిస్టరు నింపితే హెడ్మాస్టరు మొహమాటానికి ఊరుకుంటారు గాని, రెండో నెలలో తాళం చెవి దొరకదు. కాదనాల్సిన దరఖాస్తులకు మాత్రం త్వరగా, కారణంతో కాదనండి. ఆశ పెట్టి ఆరు నెలలు తిప్పిన ఫౌండేషన్ పేరు ఈ నగరంలో అందరికీ తెలిసిపోతుంది.

మొదటి ఏడాది ఏది ముందు అన్నారు గనుక: మీరు మే నెలలో చేరుతున్నారంటే బడులు మూసి ఉంటాయి. ఆ నెలలో పాత ఒప్పందాలు తీసి, డబ్బు దేనితో ముడిపడి ఉందో ఒక్కొక్కటీ చూడండి. నివేదికలు అప్పుడే చదవకండి. పుస్తకాలు, హాజరు కుదుటపడే జూన్ చివరి నుంచి, ఫౌండేషన్ కారు బడికి దూరంగానే ఆపి, వారానికి రెండు బడులకు నడిచి వెళ్లండి. చేతిలో సంస్థ ఇచ్చిన కాగితం కాకుండా మీరు సొంతంగా రాసుకున్న ఐదు వాక్యాల కథ ఉండాలి, అందులో నాలుగైదు ఒత్తులుండాలి. పిల్లలు చదివేటప్పుడు గొంతుతో పాటు వేలు ఎక్కడుందో కూడా చూడండి.