మీ మీద ఇష్టం పోలేదు, ఆయనకు నిద్ర కరువైంది

ప్రశ్న: మా వారు మూడేళ్లుగా ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో పనిచేస్తున్నారు. వారానికోసారి షిఫ్టు మారుతుంది. నైట్ చేసి వచ్చిన రోజు ఐదు గంటలు కూడా పడుకోరు. కడుపులో మంటంటారు, బరువు పెరిగారు. అయినదానికీ కానిదానికీ పిల్లల మీద అరుస్తారు. నాతో మాటలే తగ్గించేశారు. నా మీద ఇష్టం పోయిందేమోనని భయంగా ఉంది.

జవాబు: మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన సంగతి దగ్గరే నేను ఆగిపోయానమ్మా. ఐదు గంటలు కూడా నిద్ర లేదన్నారు. మూడేళ్లు అలా గడిపిన మనిషికి చిరాకు రాకపోతేనే ఆశ్చర్యం.

మన మెదడులో వెలుతురును బట్టి నడిచే గడియారం ఒకటుంది. చీకటి పడ్డాక ఒంటిని నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, తెల్లవారుజాముకి ఒంటి వేడి బాగా తగ్గుతుంది. ఆ వేళప్పుడు మిషను ముందు నిలబడ్డవాళ్లు తమ ఒంటితోనే పెనుగులాడుతుంటారు. ఇంటికొచ్చి పడుకుందామంటే అదే గడియారం లేచి కూర్చోమంటుంది. అర్ధరాత్రి తిన్న తిండి తాలూకు చక్కెరను శరీరం పగటిపూట సర్దుకున్నంత బాగా సర్దుకోలేదు. ఏళ్ల తరబడి నైట్ చేసేవాళ్లకు షుగర్, గుండెజబ్బుల ముప్పు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2019లో రాత్రి షిఫ్టును 'బహుశా క్యాన్సర్ కారకం' అనే వర్గంలోనే ఉంచింది. అందుకని కడుపు మంటను తేలిగ్గా తీసుకోకుండా డాక్టరుకు చూపించండి. షిఫ్టుల సంగతి తప్పకుండా చెప్పి షుగర్, బీపీ పరీక్షలూ చేయించండి.

ఇంట్లో ఆయన పగటి నిద్రకు రాత్రి నిద్రకిచ్చే మర్యాదే ఇవ్వండి. కిటికీలకు మందపాటి తెరలు వేసి, ఫోను గది బయట పెట్టండి. రాత్రి రెండింటికి లేపనివాళ్లం, బ్యాంకు పనుందని పగలు రెండింటికి మాత్రం ఎందుకు లేపాలి? కాఫీ, టీలు షిఫ్టు మొదటి సగంతో ఆపేయమనండి. నాకు అన్నిటికంటే గుబులు పుట్టించేది నైట్ దిగి ఆయన బండి నడుపుకుంటూ రావడం. కళ్లు మూతపడుతుంటే అక్కడే ఇరవై నిమిషాలు కునుకు తీసి బయల్దేరమనండి, లేదా ఎవరితోనైనా రమ్మనండి.

షిఫ్టు మారే వరస కూడా అడగండి. మార్నింగ్, తర్వాత సెకండ్, ఆ తర్వాత నైట్ అయితే ఒంటికి కాస్త సులువు. తిరగేసి వేస్తుంటే, తోటివాళ్లను కలుపుకుని సూపర్‌వైజర్‌తో మాట్లాడమనండి.

మీ భయాన్ని ఆయనకు చెప్పాల్సిందే, కానీ నైట్ చేసి వచ్చిన పూట వద్దు. ఒకటి రెండు రాత్రులు కంటినిండా నిద్రపోయాక, పిల్లలు దగ్గర లేనప్పుడు చెప్పండి. అప్పటికీ ఆయన నోరు విప్పకపోతే నాకు మళ్లీ రాయండి.