కుక్కకూ పిల్లికీ నెలకు 9,400: ఎక్కడ తగ్గించవచ్చు, ఎక్కడ తగ్గించకూడదు

ప్రశ్న: మేము తిరుపతి బైరాగిపట్టెడలో అద్దె ఇంట్లో ఉంటున్నాము. నేను ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, మావారు రేణిగుంటలో ఒక కంపెనీలో పనిచేస్తారు. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 68,000 రూపాయలు చేతికి వస్తాయి. మా ఇంట్లో నాలుగేళ్ల ఆడ లాబ్రడార్, రెండేళ్ల మగ పిల్లి ఉన్నాయి. కుక్కకు డ్రై ఫుడ్ 4,200, బిస్కెట్లు, నమిలే స్టిక్కులు 1,100, పిల్లి ఆహారం 1,500, గ్రూమింగ్ 1,600, లిట్టర్ (పిల్లి మలమూత్రాలకు వాడే ఇసుక) వగైరా 1,000, మొత్తం నెలకు 9,400 అవుతోంది. మా అత్తగారు ఇంట్లో మాంసం వండనివ్వరు కాబట్టి ప్యాకెట్ల మీదే ఆధారపడ్డాము. మూడు నెలలకొకసారి వేసే పిడుదుల మాత్ర 2,100 రూపాయలని నిరుడు మానేశాము. తర్వాత కుక్కకు టిక్ ఫీవర్ వచ్చి 21,500 ఖర్చయింది. క్రెడిట్ కార్డుతో కట్టి, నెలనెలా కనీస మొత్తమే చెల్లిస్తున్నాము. ఇంకా 17,000 బాకీ ఉంది. సేవింగ్స్ ఖాతాలో ఉన్న 40,000 ముట్టుకోలేదు. పెట్ ఇన్సూరెన్స్ తీసుకోవాలా? ఈ ఖర్చుకు పన్ను మినహాయింపు ఉంటుందా? మా పాప హస్కీ పిల్ల కావాలంటోంది, ఇప్పుడు తీసుకోవచ్చా?

జవాబు: ఈ వారంలోనే కార్డు బాకీ 17,000 సేవింగ్స్ ఖాతా నుంచి పూర్తిగా తీర్చివేయండి. మిగిలిన విషయాలన్నీ దాని తర్వాతే. నెలకు 3.5 శాతం వడ్డీ లెక్కన 17,000 మీద దాదాపు 595 రూపాయలు, ఆ వడ్డీపై 18 శాతం జీఎస్‌టీ కలిపితే సుమారు 700 రూపాయలు ప్రతినెలా బ్యాంకుకు పోతున్నాయి. అంటే ఏడాదికి 8,400. మీరు ఖరీదని మానేసిన పిడుదుల మాత్రలు ఏడాదికి నాలుగు, వాటి వెల కూడా సరిగ్గా 8,400 రూపాయలే. పైగా పాత బాకీ నిలిచి ఉన్నంత కాలం కార్డుపై కొత్తగా కొనే వాటికి వడ్డీ లేని గడువు వర్తించదు కాబట్టి, మీరు కొనే ఉప్పూ పప్పూ కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మోస్తాయి. ఖాతాలో అతి తక్కువ వడ్డీకి డబ్బు ఉంచుకుని, మరోవైపు ఏడాదికి 42 శాతం చెల్లించడం పొదుపు కాదు.

మీ ఖర్చుల పట్టిక చూస్తే మొత్తం కంటే పంపకమే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. మీ ఆదాయానికి 9,400 ఎక్కువే, అయితే భరించలేనిది కాదు. కానీ తగ్గించడానికి వీలున్న తిండిలోనూ అలంకరణలోనూ పైసా తగ్గించకుండా, తగ్గించకూడని నివారణ మందును మానేశారు. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా, బబీసియా వంటి జ్వరాలు మన ప్రాంతంలో కుక్కలకు సర్వసాధారణం. గోధుమరంగు పిడుదు ఇంటి గోడల పగుళ్లలో వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది కనుక కుక్కను బయటికి తీసుకువెళ్లకపోయినా ప్రమాదం తప్పదు. ఎర్లీకియా సోకితే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, సాధారణంగా నాలుగు వారాల పాటు యాంటీబయోటిక్ ఇవ్వవలసి వస్తుంది, ఒకసారి వచ్చి తగ్గినంత మాత్రాన మళ్లీ రాదన్న భరోసా లేదు. అందువల్ల ఆ మాత్రను తిరిగి మొదలుపెట్టండి. కుక్కకు ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే మాత్రం ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పండి, ఎందుకంటే ఆ తరగతి మందులు అటువంటి కుక్కలకు సరిపడకపోవచ్చు. తక్కువ ధరలో దొరికే, చర్మంపై వేసే స్పాట్-ఆన్ చుక్కల మందు గురించి కూడా ఆయనను అడగవచ్చు, కానీ పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్న కుక్కల మందు పొరపాటున పిల్లికి తగిలితే అది ప్రాణాంతకం. రెండు జంతువులూ ఒకే చాప మీద పడుకునే ఇంట్లో ఈ జాగ్రత్త తప్పనిసరి. పారాసిటమాల్ మాత్ర కూడా పిల్లికి విషమే. ఒళ్లు వెచ్చగా ఉందని ఇంట్లో ఉన్న మాత్ర సగం విరిచి వేసే అలవాటు చాలామందికి ఉంది కాబట్టి చెబుతున్నాను.

ఇక తిండి సంగతి. మీ లేఖతో పంపిన వివరాల ప్రకారం మీ లాబ్రడార్ బరువు 34 కిలోలు, రోజుకు తింటున్న డ్రై ఫుడ్ 420 గ్రాములు, దానిపైన బిస్కెట్లు, రాత్రి పెరుగన్నం. వైద్యుడు ఉండవలసిన బరువు 28 కిలోలన్నారని కూడా రాశారు. పశువైద్యులు వాడే సూత్రం ప్రకారం 28 కిలోల కుక్కకు విశ్రాంతిలో రోజుకు దాదాపు 850 కేలరీలు అవసరం. ఇంట్లోనే ఉంటూ బరువు తగ్గవలసిన కుక్కకు 850 నుంచి 1,000 కేలరీల మధ్య సరిపోతుంది. వంద గ్రాములకు 350 కేలరీలున్న ఆహారమైతే 280 గ్రాములకే దాదాపు 980 కేలరీలు వస్తాయి. మీరు పెడుతున్న 420 గ్రాములలో 1,470 ఉన్నాయి, బిస్కెట్లనూ పెరుగన్నాన్నీ ఇంకా లెక్కించలేదు. కేలరీల అంకె ప్యాకెట్ మీద ఉంటుంది, వంటింట్లో వాడే చిన్న త్రాసుతో తూచి పెట్టండి. గ్లాసుతో కొలిస్తే రోజుకో కొలత అవుతుంది. తగ్గింపును నాలుగైదు వారాలలో క్రమంగా చేయాలి, అంతకుముందు ఒకసారి వైద్యుడికి చూపించాలి, ఎందుకంటే థైరాయిడ్ లోపం వల్ల కూడా లాబ్రడార్లు బరువు పెరుగుతాయి. 280 గ్రాముల లెక్కన డ్రై ఫుడ్ ఖర్చు 4,200 నుంచి 2,800కు దిగుతుంది. చిరుతిళ్లు రోజు మొత్తం కేలరీలలో పదో వంతు మించకూడదన్నది పశువైద్యులు చెప్పే నియమం కాబట్టి అక్కడ 1,100లో 700 మిగులుతుంది. ఇచ్చిన బిస్కెట్టు మేరకు గిన్నెలో డ్రై ఫుడ్ కూడా తగ్గించాలి, పెరుగన్నం పెట్టి తీరాలనుకుంటే దాన్ని కూడా ఆ పదో వంతులోనే చూసుకోండి. బరువు తగ్గితే మిగిలేది తిండి ఖర్చొక్కటే కాదు. లాబ్రడార్ జాతికి తుంటి, మోచేయి కీళ్ల నొప్పులు సహజంగానే ఎక్కువ. అధిక బరువు వాటిని తొందరపెడుతుంది.

తిరుపతి ఇళ్లకే ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి ఉంది. కొండ మీది నుంచి వచ్చిన ప్రతి బంధువూ లడ్డూ తెస్తాడు, కుక్క తోక ఊపుతూ ఎదురుగా కూర్చుంటుంది, ఎవరో ఒకరు ఒక ముక్క పెడతారు. లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్షపండ్లూ ఎండుద్రాక్షా కుక్కల మూత్రపిండాలను దెబ్బతీయగలవు, ఏ కుక్కకు ఎంత మోతాదు ప్రమాదమో ముందుగా ఊహించడం కష్టం. నెయ్యి, చక్కెరల సంగతి వేరే చెప్పనక్కరలేదు. చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి కూడా పెట్టకూడదు. ప్రసాదం పెట్టకపోతే దోషమేమోనన్న సందేహం అత్తగారికి కలిగితే, మూత్రపిండాలు చెడిన కుక్కకు సెలైన్ పెట్టించడానికి రోజుకు ఎంతవుతుందో చెప్పి చూడండి.

పిల్లి ఆహారం 1,500ను తగ్గించవద్దు. అది విలాసం కాదు. పిల్లి శరీరం టారిన్ అనే పోషకాన్ని తగినంతగా తయారుచేసుకోలేదు, అది మాంసాహారంలోనే దొరుకుతుంది, లోపిస్తే కంటిచూపూ గుండే దెబ్బతింటాయి. సమతులంగా తయారుచేసిన శాకాహారంతో కుక్కను పెంచడం సాధ్యమే గాని, పాలన్నంతో, పెరుగన్నంతో పిల్లిని పెంచడం సాధ్యం కాదు. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు సరిగా అరగవు కూడా. మాంసం వండని ఇంటికి ప్యాకెట్ ఆహారమే సరైన మార్గం. మగ పిల్లి కాబట్టి పొడి ఆహారం ఒక్కటే కాకుండా తడి ఆహారం కొంత కలపండి, నీటి గిన్నెలు రెండు మూడు చోట్ల ఉంచండి. మగ పిల్లులకు మూత్రనాళం మూసుకుపోయే జబ్బు వస్తుంది. లిట్టర్‌లో పదేపదే కూర్చున్నా మూత్రం రావడం లేదని గమనిస్తే అది అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిన పరిస్థితి. మర్నాడు చూద్దామనుకుంటే ఒకటి రెండు రోజులలో ప్రాణం పోవచ్చు.

గ్రూమింగ్‌కు 1,600 ఎందుకో నాకు అర్థం కాలేదు. లాబ్రడార్‌కు పొట్టి బొచ్చు. వారానికి రెండుసార్లు దువ్వెన, నెలకొకసారి ఇంట్లోనే కుక్కల షాంపూతో స్నానం, ఆ తర్వాత చెవులు ఆరేలా తుడవడం, ఇంతే దానికి కావలసింది. గోళ్లు కత్తిరించడం చేతకాకపోతే దానికొక్కదానికే పార్లర్‌కు వెళ్లండి. 300 చాలు.

ఇప్పుడు లెక్క వేద్దాం. డ్రై ఫుడ్‌లో 1,400, చిరుతిళ్లలో 700, గ్రూమింగ్‌లో 1,300 కలిపి నెలకు 3,400 మిగులుతుంది. అందులో 700 పిడుదుల మాత్రకు, 400 టీకాలకూ నట్టల మందుకూ ఏడాదికొకసారి చేయించే పరీక్షకూ కేటాయించండి. మిగిలిన 2,300కు కార్డు వడ్డీ రూపంలో పోతున్న 700 కలిపితే నెలకు 3,000. పది నెలలలో 30,000 అవుతుంది. ఈ జంతువుల అత్యవసర నిధికి మొదటి లక్ష్యంగా అది సరిపోతుంది. మీ లాబ్రడార్ జాతి ఆయుర్దాయం సాధారణంగా పది నుంచి పన్నెండేళ్లు, ఇంట్లో పెరిగే పిల్లికి పన్నెండు నుంచి పదిహేనేళ్లు. ఖర్చు ముదిమిలోనే పెరుగుతుంది కాబట్టి, కుక్కకు ఎనిమిదేళ్లు వచ్చేలోగా ఈ నిధిని 60,000కు పెంచండి. కార్డు తీర్చాక మీ సేవింగ్స్‌లో మిగిలే 23,000ను మాత్రం ఇందులో కలపవద్దు. అది మీ కుటుంబానికి ఉన్న ఏకైక ఆపద్ధనం. 68,000 ఆదాయమున్న ఇంటికి అది కూడా చాలా తక్కువ.

టీకాలలో పొదుపు చేసే మార్గం ఒకటి ఉంది. ఏటా జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినోత్సవం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలలలో పెంపుడు జంతువులకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఆ టీకా ఏటేటా తప్పకూడదు, పిల్లికి కూడా. మీ ఊళ్లోనే 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, ఇప్పుడది శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. అటువంటి బోధనాసుపత్రులలో రుసుములు ప్రైవేటు క్లినిక్‌ల కంటే సాధారణంగా తక్కువ. వేచి ఉండవలసి రావచ్చు, అర్ధరాత్రి అవసరానికి వేరే ఏర్పాటు చూసుకోవాలి, కానీ ముందే నిర్ణయించుకుని చేయించే పనులకు అది మంచి చోటు. అటువంటి పని ఒకటి ఉంది: మీ కుక్కకు ఇంకా చేయించకపోయి ఉంటే, సంతాన నిరోధక శస్త్రచికిత్స. అది జరగని ఆడ కుక్కలకు వయసు మళ్లాక గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఎక్కువ. అప్పుడు ప్రాణాపాయ స్థితిలో చేసే ఆపరేషన్‌కు, ఇప్పుడు ఆరోగ్యంగా ఉండగా చేయించే దానికయ్యేదాని కంటే ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. ఎదకు వచ్చిన తర్వాత రెండు మూడు నెలలు ఆగి, టిక్ ఫీవర్ పూర్తిగా తగ్గి ప్లేట్‌లెట్లు సరిగా ఉన్నాయని రక్తపరీక్షలో తేలాక చేయించండి. ఆ తర్వాత కుక్కకు ఆకలి పెరుగుతుంది, కేలరీల అవసరం తగ్గుతుంది. కాబట్టి త్రాసును దాచిపెట్టకండి.

బీమా విషయానికి వస్తే, మీకు ఇప్పుడే అవసరమని నేను అనుకోవడం లేదు. పెంపుడు కుక్కల పాలసీలు సాధారణ బీమా కంపెనీల వద్ద దొరుకుతాయి. కానీ టీకాలు, నట్టల మందు, గ్రూమింగ్ వంటి మామూలు ఖర్చులను అవి సాధారణంగా భరించవు, అంతకుముందే ఉన్న జబ్బులను మినహాయిస్తాయి, టీకా వేయించకపోవడం వల్ల వచ్చిన జబ్బులకు క్లెయిము ఇవ్వవు. మీ కుక్కకు ఇప్పటికే టిక్ ఫీవర్ వచ్చింది కాబట్టి పాలసీ పత్రంలో ఆ జబ్బు గురించి ఏం రాశారో చదవకుండా సంతకం చేయవద్దు. ఏడాదికి 5,000 ప్రీమియంతో 40,000 రక్షణ ఇస్తామంటే, ఎనిమిదేళ్లలో ఆ 40,000ను మీరే కట్టినట్లు అవుతుంది. పాలసీలో నాకు విలువైనదిగా కనిపించేది మరొకటి: కుక్క ఎవరినైనా కరిస్తే చెల్లించవలసి వచ్చే పరిహారానికి రక్షణ. పాఠశాల పిల్లలు తిరిగే వీధి అయితే దాని కోసం మాత్రం ఆలోచించవచ్చు. ఎవరికైనా పన్ను దిగినా గోరు గీరుకున్నా గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పంపాలి. మీ ఊళ్లోని రుయా వంటి ప్రభుత్వాసుపత్రులలో రేబిస్ టీకా ఉచితం.

పన్ను మినహాయింపు లేదు. ఆరోగ్యం పేరిట ఆదాయపు పన్నులో మినహాయింపు వచ్చేది మీకూ, మీ భర్తకూ, ఆధారపడిన పిల్లలకూ, తల్లిదండ్రులకూ తీసుకున్న ఆరోగ్య బీమా వంటి ఖర్చులకే, జంతువులకు కాదు.

హస్కీ వద్దు. రెండు పొరల బొచ్చుతో మంచు ప్రాంతాల కోసం పుట్టిన జాతిని ఏప్రిల్, మే నెలలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో ఏసీ గదిలో బంధించి పెంచడం ఆ జంతువుకు శిక్ష, మీకు కరెంటు బిల్లు. మూడో జంతువు ఏదైనా సరే, నిధి 30,000కు చేరి, కుటుంబానికి కనీసం మూడు నెలల ఖర్చులు విడిగా సమకూరాకే. అప్పుడు కూడా మన ఎండకు అలవాటైన నాటు కుక్కపిల్లను తెచ్చుకుంటే కొనుగోలు ఖర్చు ఉండదు.

నిధిలో మొదటి 10,000 సేవింగ్స్ ఖాతాలో ఉంచి, మిగిలినది స్వీప్-ఇన్ ఎఫ్‌డీలోనో (అవసరమైనప్పుడు దానంతటదే సేవింగ్స్ ఖాతాలోకి వచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్), లిక్విడ్ ఫండ్‌లోనో (స్వల్పకాలిక రుణపత్రాలలో పెట్టే మ్యూచువల్ ఫండ్) వేయండి. చాలా లిక్విడ్ ఫండ్లలో రోజుకు 50,000 లేదా పెట్టుబడి విలువలో 90 శాతం, ఏది తక్కువైతే అంత, వెంటనే తీసుకునే సౌకర్యం ఉంటుంది. ఖాతాను మీ ఇద్దరి పేర్ల మీద, ఇద్దరిలో ఎవరైనా విడిగా డబ్బు తీసుకునే విధంగా తెరవండి. మీరు తరగతిలో పాఠం చెబుతున్న వేళ పిల్లిని ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వస్తే మీ ఓటీపీ కోసం ఎదురుచూడకుండా మీవారే చెల్లించగలగాలి.