ముక్కూ మొహం తెలియని మనిషితో ఒకే గదిలో

ప్రశ్న: నేను తెనాలిలో రిటైరైన సోషల్ టీచర్ని. మే నెలలో గ్రూపు టూర్‌లో ఇటలీ వెళ్తున్నాను. విడిగా గది కావాలంటే ఖర్చు చాలా ఎక్కువ, అందుకని ఎవరో ఆవిడతో కలిపి వేశారు. పదకొండు రోజులు ఎలా నెగ్గుకొస్తానో! అలాంటి ప్రయాణం మీద మంచి నవల చెప్పండి. నీతిబోధలు వద్దు, కథ కావాలి.

జవాబు: ఉంది టీచర్ గారూ, పైగా మీరు వెళ్ళే దేశంలోనే జరుగుతుంది. ఎలిజబెత్ వాన్ ఆర్నిమ్ రాసిన ‘ది ఎన్‌చాంటెడ్ ఏప్రిల్’, 1922 నాటిది. ఫిబ్రవరి వానలో లండన్. ఇటలీ సముద్రతీరాన పాత కోట ఏప్రిల్ నెలకు అద్దెకిస్తామని పేపర్లో ప్రకటన. లాటీ అనే బిడియస్తురాలు అది చదివి తలెత్తితే, రోజ్ అనే ఇంకొకావిడ కూడా అదే పేజీని కన్నార్పకుండా చూస్తూ కనిపిస్తుంది. అద్దె 60 పౌన్లు. ఇద్దరి వల్ల కాక, మరో ఇద్దరి కోసం వీళ్ళే ప్రకటన వేస్తారు. వచ్చిన జాబులు రెండే, ఎంచుకునే బాధ తప్పింది.

రచయిత్రి వాళ్ళను వెంటనే స్నేహితుల్ని చేసెయ్యదు, నాకు నచ్చింది అదే. ఆ జాబులు రాసిన వృద్ధురాలు మిసెస్ ఫిషర్, అందగత్తె కారొలైన్ ఒకరోజు ముందే దిగి మంచి గదులు పట్టేస్తారు. బల్ల దగ్గర ఫిషర్ తానే ఇంటావిడైనట్టు మర్యాదలు మొదలెడితే రోజ్‌కి ఒళ్ళు మండుతుంది. మన పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి దగ్గర పెత్తనం కోసం అలిగే అత్తయ్యలు గుర్తొచ్చి నేను పడిపడి నవ్వాను. కారొలైన్‌కైతే తోటలో తనను ఎవరూ పలకరించకుండా ఉంటే చాలు. ఆ ఎండలో, ఆ పూలమధ్య ఎవరి మానాన వాళ్ళు పడివుండగా బిగువు సడలుతుంది. ఆ పైది చెప్పను.

నేను సింగపూర్ వెళ్ళినప్పుడు నా గదిలో పడ్డావిడ తెల్లవారుజామున నాలుగింటికే గొంతెత్తి లలితా సహస్రనామం చదివేది. రెండురోజులు మాట్లాడలేదు. మూడోనాడు నా చెప్పు తెగితే, తన సంచిలోంచి ఇంకో జత తీసి ముందు పెట్టింది. ఒక సైజు పెద్దవి. సాయంత్రందాకా టపటపలాడించుకుంటూ ఆవిడ పక్కనే తిరిగాను.

నవల ఇంగ్లిష్‌దే, వాక్యాలు కాస్త పొడుగు. పాత పుస్తకాలు పెట్టే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సైటులో ఉచితం, ఫోన్లో దింపుకోండి. అన్నట్టు, కిటికీ పక్క మంచం కావాలంటే మొదటిరాత్రే నోరు తెరిచి అడిగెయ్యండి.